తీగకు గుచ్చిన ఉత్తరాలు

మొన్న సంక్రాంతి వెళ్లాక మా అమ్మమ్మగారి పెంకుటిల్లు విప్పారు. దూలాలు పుచ్చిపోయాయి, పెంకులు జారుతున్నాయి, ఇంకో వానాకాలం ఆగదని మామయ్య తేల్చేశాడు. సామాన్లు బయట పెడుతుంటే నడవలో దూలానికి వేలాడుతూ ఒక ఇనప తీగ కనిపించింది. అడుగున చిన్న చెక్కబిళ్ల, పైన కొక్కెం, మధ్యలో మూరెడు ఎత్తున గుచ్చిన ఉత్తరాలు. పాత ఇళ్లలో పెరిగినవాళ్లకు ఆ తీగ గురించి చెప్పక్కర్లేదు. వచ్చిన ఉత్తరాన్ని చదివో చదివించుకునో తీగకు గుచ్చేవాళ్లు. అన్నిటికన్నా పాతది అడుగున, నిన్న వచ్చింది పైన. "మీ అమ్మ రాసినవే ఎక్కువ నాయనా, తీసుకుపో" అంటూ మామయ్య దుమ్ము దులిపి నా చేతిలో పెట్టాడు.

ఆ రాత్రి వాటిని ఒక్కొక్కటే తీసి చదివాను. పోస్టుకార్డులు, లేతనీలం ఇన్‌లాండ్ లెటర్లు. ప్రతిదాని నడుమా తీగ దిగిన చిల్లు, చిల్లు చుట్టూ తుప్పు మరక. కొన్నిటిలో ఆ చిల్లు ఒక అక్షరాన్ని పూర్తిగా మింగేసింది. అన్నిటి ఎత్తుగడా ఒకటే. అమ్మకు నమస్కరించి వ్రాయునది, ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను. ఒక ఏడాది నాన్నకు పని పోయి, అమ్మకు పుట్టింటివారు పెట్టిన గొలుసు కుదువపెట్టాల్సి వచ్చింది. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. ఆ ఏటి ఉత్తరాలన్నీ వరసగా వెతికాను. గొలుసు మాట ఎక్కడా లేదు. ప్రతి నెలా అందరం క్షేమమే.

తెల్లారి అమ్మను అడిగాను. "మా అమ్మకు చదువు రాదుగదరా. పోస్టుమాన్ చదవాల, లేకపోతే పక్కింటి పిలగాడు చదవాల. అరుగు మీద నలుగురూ వింటారు. అందులో ఏం రాస్తాను?" అంది.

ఆ మాట విన్నాకే ఈ సంపాదకీయం రాయాలనిపించింది. ఉత్తరాల గురించి మన పత్రికల్లో వచ్చే రచనలు చాలావరకు ఒకే బాటన నడుస్తాయి. పోస్టుమాన్ సైకిల్ గంట కోసం గుమ్మంలో నిలబడేవాళ్లం, ఇప్పుడు ఫోన్లు వచ్చి ఆ రుచి పోయిందని. ఆ బాధలో నిజం ఉంది, మా పత్రికలో కూడా ఆ బాధకు చాలా పుటలే ఇచ్చాం. అయితే ఆ ఉత్తరం ఎవరి చేతుల మీదుగా ఎవరి చెవికి చేరేదో అడగడం మరిచాం.

మన దేశంలో పోస్టుకార్డు 1879 జూలై 1న పుట్టింది. ధర పావు అణా. మడిచి అంటించే ఇన్‌లాండ్ లెటర్ 1950లో వచ్చింది. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ పెట్టాక తెలుగు ఊళ్ల చిరునామాలన్నిటికీ చివర 5తో మొదలయ్యే ఆరంకెల సంఖ్య తోడైంది. కార్డు బీదవాడికి కూడా అందే ధరలోనే ఉండేది. అందనిది అక్షరం. 1951 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద చదవను రాయను వచ్చిన ఆడవాళ్లు నూటికి తొమ్మిదిమంది కూడా లేరు. మా అమ్మమ్మ మిగతా తొంభై ఒక్క మందిలో మనిషి. అలాంటి తల్లులకు బిడ్డ కబురు పోస్టుమాన్ గొంతులోనో, బడిపంతులు గొంతులోనో, హైస్కూలు పిల్లాడి గొంతులోనో వినిపించేది. జవాబు రాయాలన్నా వాళ్లే దిక్కు. "పిలగాడికి ఒంట్లో బాగలేదని రాయి బాబూ" అని ఆమె అంటే, కార్డు మీద "చిరంజీవికి ఆరోగ్యము సరిగా లేనందున" అని పడేది. మనసు ఆమెది, భాష వేరొకరిది.

ఇంకో సంగతి కూడా ఆ తీగే నాకు చెప్పింది. పెళ్లి ఉత్తరానికి నాలుగు మూలలా పసుపు రాసి పంపేవారు, దాన్ని ఇంట్లో భద్రంగా దాచేవారు. చావు కబురు మోసుకొచ్చిన కార్డును గుమ్మం అవతలే చదివించుకుని, అక్కడే చించేసి, తలారా స్నానం చేసి లోపలికి వచ్చేవారు. అందుకే నా చేతికొచ్చిన తీగ మీద ఒక్క చావు కబురు లేదు. అప్పుల మాట లేదు, అత్తింటి ఆరళ్ల మాట లేదు. ఇరవై అయిదేళ్ల ఒక కుటుంబ చరిత్ర నా ముందుంది, అందులో కష్టం అనేదే లేదు. చెప్పుకునే వీలున్న మాటలే తీగ దాకా వచ్చాయి.

తరవాతి కథ మనందరం చూసిందే. తంతి అంటేనే ఇల్లు వణికేది. సంతకం పెట్టి అందుకునేలోపే ఆడవాళ్లు ఏడుపు మొదలుపెట్టేవారు. కాన్పూరు, లక్నోల మధ్య 1960లో మొదలైన ఎస్టీడీ మన చిన్న ఊళ్ల దాకా రావడానికి పాతికేళ్లకు పైగా పట్టింది. అద్దాల గదిలో నిలబడి ఎర్ర అంకెలు తిరుగుతుంటే గబగబా మాట్లాడేవాళ్లం. రాత్రి పొద్దుపోయాక పావు చార్జీ కాబట్టి అప్పటి దాకా వరసలో కూర్చునేవాళ్లం. 1995 జూలై 31న దేశంలో మొదటి మొబైల్ మాట నడిచింది. వచ్చే ఫోనుకు కూడా డబ్బులు పట్టే రోజులు 2003 దాకా సాగాయి. ఒక మోగుడు మోగి ఆగితే క్షేమంగా చేరినట్టు, రెండు మోగితే ఇంటికి ఫోను చేయమన్నట్టు మిస్డ్ కాల్‌తో ఒక మూగభాషే తయారైంది.

గల్ఫు వెళ్లినవారి ఇళ్లది వేరే కథ. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి మగవాళ్లు, కోనసీమ, కడప పల్లెల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లిన ఆడవాళ్లు ఊరికొచ్చే మనిషి చేత క్యాసెట్ పంపేవారు. అక్షరం రానివారికి అదొక పెద్ద వరం. టేప్‌రికార్డరు నడుమ పెట్టుకుని ఇల్లంతా చుట్టూ కూర్చునేది. అంతమంది వింటారని తెలిసిన మొగుడు పెళ్లాంతో ఏం చెప్పగలడు? అందరి పేర్లూ వరసగా తలుచుకుని, అందరినీ అడిగానని చెప్పి, చివర ఆమె పేరు ఒకసారి పలికి ఆపేసేవాడు. క్యాసెట్ కూడా అరుగు మీద చదివిన ఉత్తరం లాంటిదే అయింది.

2013 జూలై 15న మన దేశంలో తంతి సేవ ఆగిపోయింది. మరుసటి నెలలో వాట్సాప్‌లో గొంతు నమోదు చేసి పంపే వీలు వచ్చింది. ఒకదానికొకటి సంబంధం లేని సంగతులే అయినా, తెలుగు ఇళ్ల చరిత్ర రాసేవారు ఆ రెండు నెలలనూ పక్కపక్కన పెట్టుకోవాలి. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక ఆ వీలు పల్లె వాకిళ్ల దాకా నడిచొచ్చింది. చదువుతో పనిలేని, నడుమ మనిషితో పనిలేని, ఎప్పుడంటే అప్పుడు పంపుకోగల మాట మన ముసలివాళ్లకు మొదటిసారి చిక్కింది.

మా అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. తెల్లారుజామున అయిదింటికి లేచి, పాలు పొయ్యి మీద పెట్టి, ఫోనును పలకలా అడ్డంగా పట్టుకుని నోటి దగ్గరికి తెచ్చుకుంటుంది. మైకు గుర్తు మీద బొటనవేలు నొక్కి పెడుతుంది. వేలు కదిలితే మాట తెగిపోతుందని భయం. మాట్లాడినంతసేపూ ఆ గోరు నెత్తురు తప్పి తెల్లగా ఉంటుంది. డాలస్‌లో ఉన్న నా కూతురికి అప్పుడు ముందురోజు సాయంత్రం. ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తూ కారులో వింటుంది. అలా వచ్చిన ఒక మాటను ఆ మధ్య నాకు వినిపించింది. అమ్మ ఒప్పుకున్నాకే ఇక్కడ రాస్తున్నాను.

"బంగారం, నిన్న మునక్కాయలు కోపిచ్చినా. మీ తాత నాటిన చెట్టే. నువ్వు లేవని తినబుద్ధి కాలా. మోకాళ్లు నొస్తన్నయ్, రాత్రిళ్లు నిద్ర పట్టటంలా. మీ నాన్నకు చెప్పబాక."

వెనక పాలు పొంగిన చప్పుడు, "అయ్యో" అనే కేక, అక్కడితో ఆగిపోయింది. గొలుసు కుదువపెట్టి కూడా అందరం క్షేమం అని రాసిన మనిషే ఈవిడ. అప్పటి కార్డులో పట్టని మాట ఇప్పుడు పద్నాలుగు వేల కిలోమీటర్లు దాటి మనవరాలి చెవిలో నేరుగా పడింది. కన్నకొడుకుకు చెప్పుకోలేని నొప్పి చెప్పుకోవడానికి ఆమెకు ఒక చోటు దొరికింది. ఫోను ఇళ్లలో మాటలు చంపేసిందని అనేవారితో నేను ఈ ఒక్క విషయంలో ఏకీభవించలేను. మా అమ్మ నోట ఇంత నిజం ఇంతకుముందు ఏ సాధనమూ పలికించలేదు.

సాహిత్య పత్రికగా మమ్మల్ని కదిలించే సంగతి ఇంకొకటుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో "తెలుగు" అనే పత్రిక పెట్టి, జనం నోట ఆడే భాషే రాతలోకి రావాలని వాదించారు. పుస్తకాల్లో, పత్రికల్లో ఆ వాదం గెలిచింది. ఇంటి ఉత్తరం మాత్రం ఆయన పోయాక కూడా ఎన్నో ఏళ్లు "వ్రాయునది ఏమనగా" దగ్గరే ఉండిపోయింది. పత్రికల భాష కూడా వాడుకభాష పేరుతో కొన్ని జిల్లాల చదువుకున్నవారి మాట దగ్గర స్థిరపడింది. 2011 లెక్కల్లోనే దేశంలో తెలుగు మాతృభాషగా గలవారు ఎనిమిది కోట్లు దాటారు. వాళ్లు మాట్లాడే తెలుగులో ఎంత అచ్చులోకి వచ్చింది? ఇవాళ పొద్దున శ్రీకాకుళం వైపు ఒక తల్లి "ఏటి సేస్తన్నావు" అని అడుగుతుంది. జగిత్యాల నుంచి ఒకామె దుబాయిలో ఉన్న కొడుకును "పైలం బిడ్డా" అంటుంది. మదనపల్లె వైపు ముసలాయన బెంగళూరులో ఉన్న మనవడికి "ఎట్లుండావప్పా" అని గొంతు పంపుతాడు. ఎవరూ దిద్దని, ఎవరి పెత్తనమూ లేని తెలుగు ఇంత విరివిగా నమోదు కావడం మన భాషకు ఇదే మొదటిసారి. గిడుగువారు కోరుకున్న బతికున్న మాట ఇప్పుడు రోజూ తెల్లారేసరికి ఫోన్లలో రాశులు పోసి ఉంటోంది.

మరి ఆ రాశి ఏమవుతోంది? నా అనుభవమే చెబుతాను. రెండేళ్ల కిందట ఫోను మార్చాను. అన్నీ కొత్తదాంట్లోకి వచ్చేశాయని అనుకున్నాను. నెల తరవాత ఏదో వెతుకుతూ పైకి జరుపుకుంటూ పోతే, అంతకుముందు మూడేళ్ల అమ్మ మాటలు లేవు. నాన్న పోయిన ఏడాది అందులో ఉంది. దహనం అయిన మర్నాడు, పక్కగదిలోనే ఉన్న నాకు, లేచి రాలేక అమ్మ పంపిన మాట అందులో ఉంది. పాత ఫోను అప్పటికే చేతులు మారింది. తప్పు పూర్తిగా నాదే. దాచుకోవాలనే ఆలోచనే నాకు రాలేదు. తీగ మీద ఉత్తరాలను కూడా ఎవరూ పనిగట్టుకుని దాచలేదు. కురిసే కప్పు కింద, ఎవరూ పట్టించుకోకుండా అయిదు దశాబ్దాలు అవి వాటంతట అవే ఉన్నాయి. కాగితం మరిచిపోయినా ఉంటుంది. గొంతు అలా ఉండదు. ఫోను నిండిపోయిందని సూచన రాగానే పండగ శుభాకాంక్షల బొమ్మలతోపాటు నాయనమ్మ గొంతు కూడా ఒక్క వేలితో తుడిచిపెట్టుకుపోతుంది. తెరిచి చూసినా ఆ ఫైళ్ల పేర్లలో తేదీ, ఒక వరస సంఖ్య తప్ప అది ఎవరి గొంతో చెప్పేది ఏదీ ఉండదు.

చలం అరుణాచలం నుంచి రాసిన ఉత్తరాలు, తుమ్మపూడి నుంచి సంజీవదేవ్ రాసిన లేఖలు ఇవాళ పుస్తకాలై మన చేతుల్లో ఉన్నాయి. అవి నిలిచింది అందుకున్నవారు దాచినందువల్ల. పోస్టుడబ్బాలో పడిన క్షణం నుంచి ఉత్తరం రాసినవారిది కాదు, తీగ ఎప్పుడూ అందుకున్నవారి ఇంట్లోనే ఉంటుంది. పేరున్న రచయిత ఉత్తరం దాచాలని అందరికీ తోస్తుంది. మునక్కాయలు కోయించిన ముసలమ్మ గొంతు దాచాలని ఎవరికి తోస్తుంది? ఆ మాట అందుకున్న మనకే తోచాలి.

ఇందులో నన్ను లోపలినుంచి కలవరపెట్టే విషయం ఒకటి ఉంది. నా కూతురు తెలుగు చక్కగా మాట్లాడుతుంది. చదవాలంటే కూడబలుక్కుంటుంది. ఫోనులో రాస్తే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తుంది. ఆ అక్షరాలు మా అమ్మకు రావు. అమ్మ చేతిరాత నా కూతురికి అందదు. తీగ మీది కార్డులు ఫొటో తీసి పంపితే, "నాన్నా, చదివి వినిపించవా" అని అడిగింది. ఆ రాత్రి ఫోనులో ఒక్కొక్క కార్డూ చదివి వినిపిస్తుంటే, అరుగు మీద మా అమ్మమ్మకు చదివి వినిపించిన పిల్లాడు నాకు గుర్తొచ్చాడు. బడి మొహం చూడని అమ్మమ్మకూ, పెద్ద చదువు చదివిన ముని మనవరాలికీ ఈ కార్డులు ఇంకొకరి నోటి గుండానే చేరుతున్నాయి. నడుమ రెండు తరాలే ఆ అక్షరాలను సొంతంగా చదువుకున్నాయి. ఇక మా అమ్మకూ నా కూతురికీ మధ్య మిగిలింది గొంతు ఒక్కటే. అదీ పోతే ఏమీ మిగలదు.

పిల్లలను నిందించడానికి ఇది రాయడం లేదు. తెలుగు చదవడం నేర్పవలసిన వయసులో నేర్పనిది నేను. ఫోన్లు కట్టేసి ఉత్తరాలు రాసుకోండని చెప్పడానికి కూడా కాదు. మా అమ్మ మోకాళ్ల నొప్పి పోస్టుకార్డు మీద ఎన్నడూ వచ్చేది కాదు. అడిగేది ఒక్కటే. ఆ గొంతుకు ఒక తీగ కావాలి.

చేయవలసింది పెద్ద పని కాదు. ఇంట్లో పెద్దవాళ్లు పంపిన మాటల్లో ఉంచుకోదగ్గవి వచ్చిన రోజే వేరే తీసిపెట్టండి. ఫైలు పేరు మార్చి ఎవరిదో, ఏ ఊరి నుంచో, ఏ సందర్భమో రాయండి. ఫోనులో ఒకటి, బయట ఇంకోచోట ఒకటి, రెండు ప్రతులు ఉంచండి. అన్నిటికన్నా ముఖ్యం, నెలకు ఒక్కటైనా విని కాగితం మీదికి దించండి. వాళ్లు ఎలా పలికారో అలాగే రాయండి. రాసింది వాళ్లకు చదివి వినిపించండి.

వచ్చే సంచిక నుంచి మా పత్రికలో "ఇంటి గొంతు" అని ఒక పుట కేటాయిస్తున్నాం. మీ ఇంటి పెద్దవాళ్ల మాట ఒకటి, వారి అనుమతితో, వారి పలుకుబడిలోనే రాసి పంపండి. పేరు వేయవద్దంటే వేయం. ఒకప్పుడు రచయితలకు మేం పెట్టిన నియమాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. కాగితానికి ఒకవైపే రాయాలి, తిరుగు స్టాంపులు జతపరచాలి. ఈ పుటకు మేం మాకే ఒక నియమం పెట్టుకుంటున్నాం. మీరు పంపిన మాటను దిద్దం.

ఆ నియమం ఎందుకు పెట్టుకోవలసి వచ్చిందో చెప్పి ముగిస్తాను. అమ్మ మాటను ముందుగా నేనే కాగితం మీద పెట్టి చూద్దామని ఒక పోస్టుకార్డు తెచ్చాను. విని, రాసి, అమ్మకు చదివి వినిపించాను. మోకాళ్లు నొస్తున్నాయి, మీ నాన్నకు చెప్పవద్దు, అని చదివాను. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "నేను చెప్పవద్దు అన్లా. చెప్పబాక అన్నా" అంది. ముప్ఫై ఏళ్లుగా వచ్చిన రచనలన్నిటినీ దిద్దుతూ అలవాటుపడిన చెయ్యి, నాకు తెలియకుండానే అమ్మను కూడా దిద్దేసింది. పోస్టుమాన్ ఆ రోజుల్లో చేసిందే నేనూ చేశాను.

ఆ మాట కొట్టేసి, పైన "చెప్పబాక" అని రాశాను. కార్డు ఇప్పుడు తీగ మీద, అన్నిటికన్నా పైన ఉంది.